నాన్న రిటైర్మెంటు డబ్బు, నా కౌంటరు

మా నాన్న కోక్ ఓవెన్స్‌లో ముప్పై మూడేళ్ళు పనిచేసి పోయిన చలికాలంలో రిటైరయ్యాడు. ఆఖరి రోజున డిపార్టుమెంటు వాళ్ళు మెడలో బంతిపూల దండ వేసి, శాలువా కప్పి, బండిలో ఇంటిదాకా తెచ్చి దింపి వెళ్ళారు. ఆ దండ తియ్యకుండానే కుర్చీలో కూర్చుని టీ తాగాడు. దండ తీసి స్నానానికి లేవమని అమ్మ అంటే, కాసేపు ఉండనీ, రేపట్నుంచి ఎవరూ వెయ్యరు కదా అన్నాడు.

శ్రీకాకుళం దగ్గర పల్లెటూళ్ళో పుట్టి, ఐటీఐ చదివి, చేతిలో ఒక రేకుపెట్టెతో భిలాయ్ ఉక్కు ప్లాంటుకి వచ్చిన మనిషి. బొగ్గును పొయ్యిల్లో కాల్చి కోక్ చేసే చోట అతని పని. ఆ పొయ్యిల పైన నేల ఎంత వేడిగా ఉంటుందంటే మామూలు బూట్లు రెండు వారాలు ఆగవు. ఎండాకాలంలో రెండో షిఫ్టు చేసి వచ్చినవాడు బయట నలభై అయిదు డిగ్రీల ఎండని చల్లగా ఉందనేవాడు. నేను ఇక్కడే పుట్టాను. నా తెలుగంతా అమ్మా నాన్నల దగ్గర విన్నదే. బడి, కాలేజీ, స్నేహాలు అన్నీ హిందీలో. నాకు ఇప్పటికీ కోపం హిందీలోనే వస్తుంది.

రిటైరవడానికి అయిదేళ్ళ ముందే నాన్న ఊళ్ళోనే కోహ్కాలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. క్వార్టరు ఖాళీ చేసి అమ్మా నాన్నా అందులోకి మారారు. పెళ్ళయ్యాక నేనూ మా ఆయనా ఉంటున్నది అక్కడికి పది నిమిషాల దూరంలో. కాబట్టి ఇంటి దిగులు లేదు. మిగిలింది డబ్బు సంగతి.

పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి ఒక్కసారే నాన్న ఖాతాలో పడ్డాయి. పెన్షను వస్తుంది గానీ అది కూరగాయలకీ కరెంటు బిల్లుకీ సరి. మిగతా బతుకంతా ఈ డబ్బు మీద నడవాలి. నాన్న ఏ పనైనా పదిమందిని అడిగి చేసే మనిషి. మేం ఫ్రిజ్ కొనడానికి ఒక ఏడాది పట్టింది. ఇప్పుడూ అలాగే అడగడం మొదలుపెట్టాడు. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేసే మా మేనమామ, ఫ్యాక్టరీ వెనక ప్లాటు ఉంది, కొనెయ్ బావా, అయిదేళ్ళలో రెండింతలవుతుంది అన్నాడు. పక్కింటాయన ఫోను తీసి షేర్లు చూపించాడు. పొద్దున నడకలో కలిసే ఒకాయన ఏదో సొసైటీ ఉందని, బ్యాంకు ఇచ్చే వడ్డీకి రెట్టింపు ఇస్తుందని చెప్పాడు. అందరికీ టీ ఇచ్చి, అందరి మాటలూ విని, చూద్దాం అని పంపించేవాడు నాన్న.

అమ్మకి ఈ మాటలేవీ ఎక్కలేదు. ముప్పై ఏళ్ళుగా జీతం రోజు చూసుకుని ఇల్లు నడిపిన మనిషి. ఒకరోజు అన్నం వడ్డిస్తూ తేల్చి చెప్పేసింది.

"నాకు రెండింతలూ వద్దు, మూడింతలూ వద్దు. జీతం వచ్చినట్టు రావాల. పెట్టిన అసలు కరగకూడదు. మరింకేటి కావాల మనకి?"

పెద్ద పెద్ద మాటలు చెప్పే వాళ్ళెవరూ ఇంత స్పష్టంగా చెప్పడం నేను వినలేదు. కానీ విచిత్రం ఏమిటంటే, ఇంతమందిని అడిగినా నాన్న నన్ను మాత్రం అడగలేదు. నేను పనిచేసేది సుపేలాలో మెయిన్ రోడ్డు మీద ఉన్న ఒక బ్యాంకులో. కొత్త ఖాతాలు, డిపాజిట్లు నా కౌంటరులోనే. నన్ను ఎందుకు అడగడం లేదా అని కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా. తర్వాత అమ్మ చెప్పింది: అతను మొదటి రోజే తేల్చుకున్నాడట, ఎవరు ఏం చెప్పినా చివరికి అమ్మాయి చెప్పిన చోటే పెడతానని. మిగతావాళ్ళని అడగడం మర్యాదకట.

ఆ మాట విని సంతోషపడాల్సింది. నేను మాత్రం పడలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే బ్యాంకులో నా పని సంగతి చెప్పాలి.

మా బ్యాంకు డిపాజిట్లతో పాటు ఒక ఇన్సూరెన్సు కంపెనీ పాలసీలు కూడా అమ్ముతుంది. మేం ఇన్ని అమ్మాలని పైనుంచి లెక్క వస్తుంది. పొద్దున్నే మేనేజరుకి ఫోను వస్తుంది, ఆయన మమ్మల్ని పిలుస్తాడు. మా మేనేజరు చెడ్డవాడు కాదు. నాకు పాప పుట్టినప్పుడు ఇంటికి వచ్చి, వెండి గిన్నె ఇచ్చి, అరగంట కూర్చుని వెళ్ళిన మనిషి. కానీ మార్చి దగ్గర పడుతున్న కొద్దీ అతని ముఖం మారిపోతుంది. ఎవరి ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం పడితే వాళ్ళ పేరు కాగితం మీద రాసి మా టేబుళ్ళ మీద పెడతాడు. భిలాయ్‌లో అలా ఒక్కసారిగా పెద్ద మొత్తం పడేది ఎవరికి? రిటైరైన వాళ్ళకే.

నాన్న కంటే నెల ముందు రిటైరైన ఆయన ఒకరున్నారు. నాన్నతో ఇరవై ఏళ్ళు ఒకే షిఫ్టు చేసిన క్రేన్ ఆపరేటరు. దుర్గ్ వైపు పల్లెకు చెందిన ఛత్తీస్‌గఢీ మనిషి. నా చిన్నప్పుడు సైకిలు మీద మా క్వార్టరుకి వచ్చి, వాళ్ళ పొలంలో కాసిన సీతాఫలాలు ఇచ్చి వెళ్ళేవాడు. నేను ఆయన్ని కాకా అంటాను. ఆయన నన్ను నోనీ అంటాడు, వాళ్ళ భాషలో ఆడపిల్లని ముద్దుగా పిలిచే మాట అది. ఆయన డబ్బు ఖాతాలో పడగానే నాన్నే చెప్పాడట, నా కూతురు బ్యాంకులో ఉంది, ఇంకెవర్నీ అడక్కు, నేరుగా దాని దగ్గరికి వెళ్ళు అని.

ఆయన వచ్చాడు. ఆయన పేరు అప్పటికే నా టేబుల్ మీద కాగితంలో ఉంది. నెలనెలా ఏదైనా వచ్చేట్టు చూడమ్మా అన్నాడు. నేను పాలసీ చూపించాను. అబద్ధం చెప్పలేదు. అయిదేళ్ళ పాటు ఏటా కట్టాలనీ, డబ్బు చేతికి రావడం ఆ తర్వాతేననీ చెప్పాను. కానీ ఎలా చెప్పాలో మాకు నేర్పుతారు. మంచి మాటలు నెమ్మదిగా, మిగతావి గబగబా. ఆయన ఏదీ అడగలేదు. నోనీ, సంతకం ఎక్కడ అన్నాడు. వేలు పెట్టి చూపించాను. ఎనిమిది చోట్ల పెట్టాడు. వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి దీవించి వెళ్ళాడు.

ఆ రోజు మేనేజరు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. ఇంటికి వెళ్ళాక అన్నం తినకుండా, తలనొప్పి అని చెప్పి పడుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. ఒక శనివారం, పని చేసే శనివారమే, నాన్న బ్యాంకుకి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, పాస్‌బుక్కు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చాడు. నేరుగా రమ్మని చెయ్యి ఊపాను. రాలేదు. టోకెను తీసుకుని, బెంచీ మీద వరసలో కూర్చున్నాడు. అతని నంబరు వచ్చాక లేచి నా కౌంటరు ముందుకి వచ్చి, "నమస్తే మేడమ్" అన్నాడు, నవ్వకుండా. పక్క కౌంటరు అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

ఇంతలో మేనేజరు చూశాడు. చేతులు జోడించి, అంకుల్‌జీ అంటూ తన క్యాబిన్‌లోకి తీసుకుపోయాడు. నన్నూ రమ్మన్నాడు. టీ తెప్పించాడు. ప్లాంటు గురించి, పొయ్యిల వేడి గురించి చాలా గౌరవంగా అడిగాడు. నాన్న ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. అతన్ని ఎవరైనా పని గురించి అడిగి చాలా రోజులైంది మరి. టీ అయ్యేసరికి ఫారం టేబుల్ మీదికి వచ్చింది. అదే పాలసీ. మీ అమ్మాయి బ్రాంచికే గర్వకారణం, మీరు కూడా ఒక సంతకం పెడితే ఈ నెల తన టార్గెట్ పూర్తయిపోతుంది అన్నాడు మేనేజరు.

అది అతను కావాలని అన్నాడో, అలవాటుగా అన్నాడో నాకు తెలీదు. నాన్న మాత్రం జేబులోంచి పెన్ను తీశాడు. నా వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"ఎక్కడెట్టాలో నువ్వు సెప్పమ్మా. నానేటి సదివేది."

కాకా కూడా అదే అన్నాడు, నా కౌంటరు ముందు. నేను ఫారం వైపు చూశాను. వేలు పెట్టి చూపించాల్సిన ఎనిమిది చోట్లూ కనిపిస్తున్నాయి. మేనేజరుకి తెలుగు రాదు. చిరునవ్వుతో మా ఇద్దరి వైపూ చూస్తున్నాడు. నేను కూడా నవ్వు ముఖం పెట్టి, "నాన్నా, ఇప్పుడు పెట్టకు. కళ్ళజోడు మర్చిపోయానని చెప్పు" అన్నాను.

నాన్నకి అబద్ధం చెప్పడం రాదు. పైగా కళ్ళజోడు చొక్కా జేబులో సగం బయటికి కనిపిస్తోంది. ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత ఛాతీలో నొప్పి వచ్చినవాడిలా అరచెయ్యి జేబు మీద పెట్టుకుని, చష్మా ఇంట్లో ఉండిపోయింది సాబ్, చదవకుండా పెట్టనుగా అన్నాడు హిందీలో. మేనేజరు తన కళ్ళజోడు తీసి ఇచ్చాడు. నాన్న ఒక చేత్తో జేబు పట్టుకుని, రెండో చేత్తో అది పెట్టుకుని, కాగితాన్ని దగ్గరికీ దూరానికీ జరిపి చూసి, అంతా మసగ్గా ఉంది సాబ్ అన్నాడు. ఆ అరచెయ్యి రోడ్డు మీదికి వెళ్ళేదాకా జేబు మీంచి తియ్యలేదు. గుండె బాగోలేదనుకుని సెక్యూరిటీ భయ్యా ఆటో పిలవనా అని అడిగాడట.

సాయంత్రం బ్యాంకు నుంచి నేరుగా అమ్మా వాళ్ళింటికి వెళ్ళాను. నాన్న వాకిట్లో కుర్చీ వేసుకుని నా కోసమే కూర్చున్నాడు. కళ్ళజోడు నాటకం గురించి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఎందుకు వద్దన్నావో చెప్పమన్నాడు. చెప్పాను. ఇది ఏటా కట్టాల్సిందనీ, మధ్యలో ఆపితే నష్టమనీ, నెలనెలా ఏమీ రాదనీ, వయసులో ఉన్నవాళ్ళకి పనికొస్తుందేమో గానీ రిటైరైన మనిషికి కాదనీ. అంతా విని మెల్లగా అడిగాడు.

"మరి మంచిది కాకపోతే నువ్వెందుకమ్మా అమ్ముతన్నావు?"

అది నా ఉద్యోగం అని ఉంటే అతనూ ఒప్పుకునేవాడే. కానీ అలా అనడం చేతకాక, మాట తిప్పడానికి, అతన్నే తప్పుపట్టాను. నా చిన్నప్పటి నుంచీ అతను చెప్పే మాట ఒకటుంది: ముందు షిఫ్టువాడు అంతా బాగుందని చెప్పినా సరే, వెళ్ళి పొయ్యి వేడి చూపించే గేజీ మనమే చూసుకోవాలని. అది గుర్తు చేసి, మరి నువ్వు చదవకుండా సంతకానికి ఎలా సిద్ధపడ్డావు అన్నాను.

"అది ప్లాంటు. నువ్వు నా కూతురివి. కూతురికాడ గేజీ సూత్తారేటి ఎవరైనా?" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చేసింది. అమ్మ లోపల్నుంచి వచ్చి ఏమైందే అంటే, కాకా సంగతి మొత్తం చెప్పేశాను. చెబుతుండగా నాన్న ముఖం చూడలేకపోయాను. కాకాని నా దగ్గరికి పంపింది అతనే. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అమ్మే అంది, ఏడ్చి ఏం లాభం, తిరిగి తేవడానికి దారి ఉందో లేదో చూడమని.

దారి ఉంది. పాలసీ కాగితాలు చేతికి అందాక, వద్దనుకుంటే కొద్ది రోజుల గడువులోపు తిప్పి ఇచ్చేయవచ్చు. చిన్న కోత పోగా డబ్బు వెనక్కి వస్తుంది. ఈ సంగతి మేం కొనేవాళ్ళకి చెబుతాం గానీ, గబగబా చెప్పే వాటిలో అదీ ఒకటి. కాకాకి కాగితాలు ఎప్పుడు అందాయో నాకు తెలీదు. నాన్న లేచాడు.

"రేపు ఆడింటికి ఎల్దాం. ఇద్దరం. నువ్వే సెప్పాల, నాను సెప్పను" అన్నాడు.

ఆదివారం నాన్న స్కూటరు వెనక కూర్చుని వెళ్ళాను. కాకా ఇల్లు జాముల్ దారిలో, చిన్న పెంకుటిల్లు. కాకా, ఆయన భార్య కాకీ పెరట్లో కూర్చుని ఎండలో వడియాలు పెడుతున్నారు. మమ్మల్ని చూసి ఆయన ఎంత సంతోషపడ్డాడంటే, చేతులకున్న పిండి కడుక్కోకుండానే లేచి వచ్చాడు. కాకీ నా కోసం బియ్యప్పిండి అట్లు, వాళ్ళ చీలాలు, పోసింది. అవి తింటూ చెప్పాల్సి వచ్చింది నాకు.

హిందీలో చెప్పాను, అయినా మాటలు వెతుక్కోవలసి వచ్చింది. ఇది నెలనెలా ఇచ్చేది కాదు కాకా, వచ్చే ఏడాది మీరు మళ్ళీ అంతే కట్టాలి, నేను మీకు సరిగ్గా చెప్పలేదు అన్నాను. కాకా కాకీ వైపు చూశాడు. వచ్చే నెల నుంచి డబ్బు వస్తుందనుకుని, ఆమె పాలవాడికి ఇంకో అర లీటరు చెప్పేసిందట. ఆ మాట ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు, మామూలుగా చెప్పింది. నేను తలెత్తలేకపోయాను.

ఆయన లోపలికి వెళ్ళి పెట్టె తెరిచి కవరు తెచ్చాడు. విప్పనే లేదు. బ్యాంకు కాగితాలు కదా, భద్రంగా దాచాను అన్నాడు. కవరు మీద పోస్టు ముద్రలో తేదీ చూశాను. గడువు ఇంకా ఉంది. తిప్పి ఇస్తున్నట్టు ఒక ఉత్తరం రాస్తే చాలు, డబ్బు వచ్చేస్తుందని చెప్పాను. ఆయన ఆలోచించి ఒక్కటే అడిగాడు.

"నోనీ, ఇస్‌సే తేరీ నౌకరీ కో తో కుఛ్ నహీ హోగా?"

నా ఉద్యోగానికి ఇబ్బందైతే ఉండనీ, ఎలాగోలా కడతాను అన్నాడు. నాన్న అప్పుడు ఆయన భుజం మీద చెయ్యి వేసి, దాని ఉద్యోగం అది చూసుకుంటుంది, ముందు నువ్వు సంతకం పెట్టు అన్నాడు. ఉత్తరం నేనే రాశాను. రాసింది వాక్యం వాక్యం చదివి వినిపించాను. ఈసారి ఆయన చేత రెండుసార్లు ప్రశ్నలు అడిగించుకున్నాకే పెన్ను ఇచ్చాను.

సోమవారం కాకా ఆ ఉత్తరం తెచ్చి బ్రాంచిలో ఇచ్చాడు. మేనేజరు అది చదివి నన్ను పిలిచాడు. అరుస్తాడేమోనని గుండె దిటవు చేసుకుని వెళ్ళాను. అతను అరవలేదు. మీరే అమ్మారు, మీరే రద్దు చేయించారు, నేను పైవాళ్ళకి ఏం చెప్పుకోను అన్నాడు. ఆయనకి నెలనెలా డబ్బు కావాలి సర్, ఇది ఆయనకి పనికిరాదు అన్నాను. అంకుల్‌జీ సంగతేమిటని అడిగాడు. ఆయనకీ పనికిరాదు అన్నాను. ఉత్తరం మడిచి పక్కన పెట్టి, వెళ్ళండి అన్నాడు. మరుసటి వారం నన్ను లాకర్ల పనికి మార్చాడు. ఆ తర్వాత రెండు నెలలు పనికి తప్ప నాతో మాట్లాడలేదు. ఆ ఏడాది నా పనికి రావాల్సిన మెచ్చుకోలు కాగితం రాలేదు. అంతకు మించి ఏమీ కాలేదు. కాకా డబ్బు చిన్న కోతతో తిరిగి ఆయన ఖాతాలో పడింది.

అప్పుడు మొదలైంది అసలు పని. రెండు సాయంత్రాలు మా అమ్మ భోజనాల బల్ల చుట్టూ నలుగురం కూర్చున్నాం: అమ్మ, నాన్న, కాకా, నేను. నేను ఎక్కువ పేర్లు చెప్పలేదు. ఎక్కడ పెట్టినా మూడు సంగతులు అడగాలన్నాను: డబ్బు నా చేతికి ఎప్పుడెప్పుడు వస్తుంది, మధ్యలో అవసరమైతే ఎంత కోతతో తీసుకోవచ్చు, వచ్చే ఏడాది నేను మళ్ళీ కట్టాలా. కాకా రాయడం రాని మనిషి కాదు గానీ, వేళ్ళ మీద లెక్కపెట్టుకుని బట్టీ పట్టాడు. నాన్నకి ఇది షిఫ్టు అప్పగింతలా అనిపించింది. అందుకే బాగా ఎక్కింది. మా మేనమామ ప్లాటు సంగతి మళ్ళీ తెచ్చినప్పుడు నాన్న మొదటి ప్రశ్నే వేశాడట, ఆ భూమి నా చేతికి నెలనెలా ఏటిస్తాది బావమరిదీ అని. సొసైటీ ఆయన్ని రెండో ప్రశ్న అడిగితే, ఆయన ఆ తర్వాత పొద్దున నడక దారి మార్చుకున్నాడు.

పెద్దవాళ్ళ కోసమని సర్కారు పెట్టిన పథకం ఉంది. అరవై దాటినవాళ్ళకి అయిదేళ్ళ గడువుతో, మూడు నెలలకోసారి వడ్డీ ఖాతాలో పడుతుంది. దానిలో పెట్టడానికి ఒక పరిమితి ఉంటుంది. ముందు అందులో పెట్టమన్నాను. దానికి మూడు నెలలు ఆగాలి కాబట్టి, నెలనెలా వడ్డీ వచ్చే పోస్టాఫీసు పథకంలో ఇంకొంత, అమ్మా నాన్నా ఇద్దరి పేరునా. మిగిలింది బ్యాంకు డిపాజిట్లే, కానీ అన్నీ ఒకే తేదీకి కాకుండా ముక్కలు చేసి, ఏడాదికొకటి చేతికొచ్చేట్టు. కొంత మామూలు ఖాతాలోనే ఉంచాలి, ఒంట్లో బాగోకపోతే పరుగెత్తే పని లేకుండా. మా బ్యాంకు డిపాజిట్లు మంచివేనని నేనే చెప్పాను. కాకా అనుమానంగా నా ముఖం చూశాడు. నాకు నవ్వూ వచ్చింది, కాస్త నొప్పీ కలిగింది. అడగండి కాకా, మూడు ప్రశ్నలూ అడగండి అన్నాను. నిజంగానే మూడూ అడిగాడు.

పోస్టాఫీసుకి వెళ్ళే రోజు సెలవు పెట్టాను. ఇద్దరి పేరున ఖాతా కాబట్టి అమ్మ కూడా వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. పోస్టాఫీసుకి పట్టుచీర ఎందుకే అని నాన్న అంటే, నా పేరున మొదటిసారి డబ్బు పెడతన్నారు, నైటీతో రమ్మంటావా అంది. కౌంటరులో ఉన్నాయన ఓపికస్తుడే. అమ్మ తెలుగులో సంతకం పెట్టడం చూసి, హిందీలో పెడితే మాకు సులువు దీదీ అన్నాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"నా సంతకం నాకొచ్చినట్టే పెడతాను. నువ్వు బొమ్మ సూసుకున్నట్టు సూసుకో బాబూ."

నేను ఆ మాట హిందీలోకి మార్చి చెప్పాను. ఆయన నవ్వి, స్టాంపు ప్యాడు ఆమె వైపు తిప్పకుండానే పుస్తకంలో గుండ్రంగా గీత గీసి, ఇక్కడ పెట్టండి అన్నాడు. అమ్మ చాలా నిదానంగా, ఒక్కో అక్షరానికీ తలకట్టు దిద్దుతూ సంతకం పెట్టింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు ఎవరూ తొందరపెట్టలేదు. పక్కనే కాకా, కాకీ తమ ఫారాలతో నిలబడి ఉన్నారు. కాకీ వేలిముద్ర వేసి, ఆ నల్లటి వేలిని ఎక్కడ తుడుచుకోవాలో తెలీక గాల్లో పట్టుకుని నిలబడితే, నాన్న తన రుమాలు ఇచ్చాడు.

మొదటి నెల వడ్డీ పడిందని ఫోనుకి మెసేజీ వచ్చినా అమ్మ నమ్మలేదు. పాస్‌బుక్కులో అచ్చు వేయించుకుని, ఆ గీత కింద వేలు పెట్టి చూసుకున్నాకే నమ్మింది. నాన్న తన డిపాజిట్ల తేదీలు పాత షిఫ్టు డైరీలో రాసుకున్నాడు. ఏ ఏడాది ఏది చేతికొస్తుందో అడిగితే కళ్ళు మూసుకుని చెబుతాడు. పొద్దున నడకలో ఇప్పుడు అతన్నే కొందరు అడుగుతారట. నా పేరు మాత్రం ఎప్పుడూ చెప్పడు. పిల్ల మీద బరువు పెట్టకూడదు, ఎవరి గేజీ వాళ్ళే చూసుకోవాలి అంటాడు. ఆ మాట మొదట నాకు కాస్త గుచ్చుకుంది. తర్వాత అది నా మీద జాలితో అంటున్నాడని అర్థమైంది.

ఆ మేనేజరు వేరే ఊరికి బదిలీ అయ్యాడు. వెళ్ళేముందు అందరితో పాటు నాకూ చెయ్యి ఊపి, పాప ఎలా ఉందని అడిగాడు. కొత్తాయన నన్ను మళ్ళీ డిపాజిట్ల కౌంటరుకి తెచ్చాడు. టార్గెట్ అలాగే ఉంది, నేను పాలసీలు ఇప్పటికీ అమ్ముతాను. ఉద్యోగం మొదలుపెట్టిన కుర్రాళ్ళకి, చిన్న పిల్లలున్న వాళ్ళకి. పెద్దవాళ్ళు పెద్ద మొత్తంతో వస్తే మాత్రం, ఇవాళ సంతకాలు వద్దు, కాగితం ఇంటికి తీసుకెళ్ళి ఇంకొకరి చేత చదివించుకుని రేపు రండి అంటాను. కొందరు మర్నాడు రారు. పక్క బ్రాంచిలో పెడతారేమో. నా లెక్క ఎప్పుడూ కొంచెం తక్కువే.

ఈ ఏడాది వానలు తగ్గాక అమ్మా నాన్నా విజయనగరంలో అమ్మ చెల్లెలి ఇంటికి బయల్దేరారు. పెళ్ళి కాదు, చావు కాదు, ఏ పనీ లేదు. ఊరికే చూసొద్దామని. అలా ఊరికే ప్రయాణం పెట్టుకోవడం నాకు తెలిసి అదే మొదటిసారి. నాన్నకి సెలవు దొరికినప్పుడల్లా ఏదో ఒక అవసరానికే వెళ్ళేవాళ్ళు. దుర్గ్ స్టేషనులో ఎక్కించి వచ్చాను. రాయగడ దాటాక అమ్మ ఫోను చేసింది. రైలు చప్పుడులో సగం మాటలు వినబడలేదు. కిటికీ పక్క సీటు దొరికిందనీ, నాన్న ఎదుటి సీటువాళ్ళతో కోక్ ఓవెన్స్ కబుర్లు మొదలుపెట్టాడనీ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, ఎవరికీ తెలియకూడని సంగతి చెబుతున్నట్టు అంది.

"వడ్డీ మీద ఎల్తన్నామే. అసలు కదల్లేదు."